నగరగర్భంలో రైలుబాట

భారతదేశంలో భూగర్భ రైలు తొలిసారిగా నడచిన నగరం నాటి కలకత్తా, నేటి కోల్‌కతా. హుగ్లీ తీరాన ఇరుకుగా పెరిగిన ఆ మహానగరంలో రోడ్లకు దక్కిన స్థలం మొత్తం విస్తీర్ణంలో సుమారు 4 శాతం మాత్రమే. నేలపైన చోటు చాలనందున రైలు నేల క్రిందికి దిగవలసి వచ్చింది. 1972 డిసెంబరు 29న నాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ ఈ పథకానికి శంకుస్థాపన చేశారు.

కొండను తొలిచి సొరంగం వేయడం వేరు. నది తెచ్చి పోసిన మెత్తని ఒండ్రుమట్టిలో వేయడం వేరు. అచ్చట కొద్ది లోతులోనే నీరు ఊరుతుంది. అందుచేత చాలావరకు వీథిని పైనుండి త్రవ్వి, సొరంగం కట్టి, మరల పూడ్చే పద్ధతిని ఇంజనీర్లు అనుసరించారు. ముందుగా ఇరువైపుల లోతైన సన్నని కందకాలు త్రవ్వి, అంచులు కూలకుండా బెంటొనైట్ అనే బంకమన్ను కలిపిన నీటితో నింపేవారు. అందులో ఇనుప చట్రాన్ని దించి, అడుగునుండి కాంక్రీటు పోయగా ఆ ద్రవం పైకి వచ్చేది, కందకమే గోడగా మారేది. పిదప గోడల నడుమ మట్టిని తీసి, అడుగునా పైనా స్లాబులు వేసి, తిరిగి రోడ్డు పరచేవారు. బెల్గాచియా, శ్యాంబజారుల మధ్య రైల్వే యార్డు, కాలువ ఉన్నందున అచ్చట మాత్రం పైభాగాన్ని కదపక లోలోపలనే తొలిచారు.

ఈ పద్ధతి భారమంతా వీథివారిపై పడింది. ప్రధాన రహదారులు ఏళ్ల తరబడి గోతులై ఉన్నాయి. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుండి భవానీపూర్ వరకు 3.4 కిలోమీటర్ల మేర తొలి రైలు నడచింది. డండం నుండి టాలీగంజ్ వరకు మార్గమంతా పూర్తయినది 1995 సెప్టెంబరులో. శంకుస్థాపననాడు బడిలో చేరిన బాలుడు చదువు ముగించి ఉద్యోగస్థుడు కాగల కాలమది.

తరువాతి తరంలో యంత్రాలు వచ్చాయి. 2017లో రెండు యంత్రాలు హుగ్లీ నది క్రింద సుమారు 520 మీటర్ల దూరం తొలిచాయి. 2024 మార్చిలో ఆ మార్గాన రైలు ప్రారంభమైంది. అయితే అదే పథకంలో, 2019 ఆగస్టు 31న, బౌబజారు ప్రాంతంలో యంత్రం నీటిపొరను తాకగా నేల క్రుంగింది. పాత ఇండ్లు బీటలు వారాయి, కొన్ని కూలిపోయాయి. తరతరాలుగా నివసించిన కుటుంబాలు కట్టుబట్టలతో వీథిన పడ్డాయి. ఎస్ప్లనేడ్, సియాల్దా స్టేషన్ల మధ్యనున్న ఆ భాగం 2025 ఆగస్టులో గాని ప్రజలకు తెరువబడలేదు.

సొరంగాల చరిత్రను మనం కిలోమీటర్లలోను, కోట్ల రూపాయలలోను చెప్పుకొంటాము. ఇంజనీర్ల నైపుణ్యం, కూలీల కష్టం స్మరణీయాలే. వాటితోపాటు గోతుల ప్రక్కన దుకాణం నడుపుకొన్న వర్తకుని ఓర్పును, ఇల్లు కోల్పోయిన గృహిణి కన్నీటిని కూడ లెక్కలో చేర్చినప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.