యవనులును ఆంధ్రులును

పురాణశ్రవణమందు యవనులను మాటను మీరనేక పర్యాయములు వినియుందురు. ఆ యవనులెవరు, వారి దేశమెట్టిది, వారి రాజ్యపాలన మెట్టిది, వారికిని మన ఆంధ్రులకును గల సంబంధమేమి యను విషయములను సంగ్రహముగా మనవి చేసెదను.

యవనులనగా గ్రీకులు. వారిలో నొక శాఖవారు నివసించిన అయోనియా సీమ పేరు పారసీకుల నోట ‘యౌన’ యై, మన ప్రాకృతమున ‘యోన’ యై, సంస్కృతమున ‘యవన’ యయ్యెను. వారి దేశము ఐరోపాఖండమునకు ఆగ్నేయదిశను మధ్యధరా సముద్రములోనికి చొచ్చుకొని యున్నది. నేను నివసించు సారపాక గోదావరి యొడ్డున నున్నది. ఎదుటి గట్టున భద్రాచలము. ఈ మహానది పడమటి కనుమలనుండి తూర్పు సముద్రమువరకు ఎన్నియో సీమలను ఒక్క త్రాట గూర్చుచున్నది. గ్రీసునందట్టి నది లేదు. దేశమంతయు కొండలు, కొండల నడుమ చిన్న లోయలు, లోయ కొక పట్టణము, పట్టణమున కొక ప్రభుత్వము. వానకాలమున వాగు పొంగినచో మన యడవి గూడెములలో ఈ గట్టువారికి ఆ గట్టువారు పరదేశులగుట మీరెరిగినదే. వారి స్థితియు నట్టిదే. ద్రాక్షయు ఓలివయు పండును గాని ధాన్యము చాలదు. కాబట్టి వారు సముద్రమునే బాటగా జేసికొని వర్తకము సాగించిరి.

ఆ పట్టణములలో స్పార్టా, ఏథెన్సు ముఖ్యములు. స్పార్టాయందు ఇద్దరు రాజులును, 60 ఏండ్లు దాటిన 28 మంది వృద్ధుల సభయు నుండెను. మగపిల్లలను ఏడవయేటనే తల్లి యొడినుండి తీసికొని యుద్ధమునకు దగిన శిక్షణ నిచ్చుచుండిరి. ఏథెన్సునందు పౌరులందరును ఒక కొండపై సమావేశమై, వాదోపవాదములు విని, చేతులెత్తి రాజ్యకార్యములను నిర్ణయించుచుండిరి. నాటకములు, శిల్పము, తత్త్వవిచారము అచట మిక్కిలి వృద్ధినొందెను. సోక్రటీసు, ప్లేటో యచటివారే. అయితే స్త్రీలకును, బానిసలకును, పరస్థలములనుండి వచ్చి స్థిరపడినవారికిని ఆ సభలో నోరు లేదు. ఈ లోపమును మనము మరువరాదు.

పారసీకులు దండెత్తి వచ్చినపుడు, క్రీ. పూ. 490లో మారథాను మైదానమున ఏథెన్సువారు ప్లాటియావారి తోడ్పాటుతో వారిని పారద్రోలిరి. 480లో సలామిసు జలసంధియందు అనేక పట్టణములవారు కలిసి పారసీక నౌకాబలమును భంగపరచిరి. ఐకమత్యము వారిని రక్షించినది. కాని భయము తీరగానే ఏథెన్సు తన మిత్రులయొద్దనే కప్పము గొని వారికి ఏలికయయ్యెను. తత్ఫలితముగా 431 మొదలు 404 వరకు స్పార్టాతో ఘోరయుద్ధము జరిగెను.

ఆ యుద్ధమునందలి రెండు సంగతులు మీరు వినదగినవి. ఏథెన్సుపై తిరుగబడిన మిటిలీని పట్టణము 427లో లొంగిపోయెను. అచటి పురుషులనందరిని చంపి, స్త్రీలను పిల్లలను బానిసలుగా నమ్మవలెనని సభవారు కోపావేశమున నిర్ణయించి నౌకను పంపిరి. ఆ రాత్రి గడచినపిమ్మట వారికి పశ్చాత్తాపము కలిగెను. మరునాడు మరల సభ జేరి, స్వల్పాధిక్యముచేత మొదటి తీర్పును రద్దుచేసిరి. రెండవ నౌకలోని వారు తెడ్లు వదలకయే పిండి దిని, వంతులవారీగా నిద్రించుచు పోయి, ఆజ్ఞ నెరవేరుటకు ముందే చేరుకొనిరి. తిరుగుబాటునకు ముఖ్యులైనవారు వధింపబడిరి గాని ఊరు నిలిచినది. ఈ సంగతిని థుసిడిడీసు అను చరిత్రకారుడు వ్రాసియుంచెను.

416లో మీలాసు ద్వీపవారు మాకు ఏ పక్షమును వలదని వేడుకొనిరి. ఏథెన్సువారు వినక, పురుషులను వధించి, స్త్రీలను పిల్లలను బానిసలుగా జేసిరి. ఈ పర్యాయము రెండవ నౌక బయలుదేరలేదు. తుదకు ఏథెన్సు ఓడిపోవు వార్త వచ్చిన రాత్రి, మీలాసునకు తాము చేసినదే తమకు జరుగునని ఆ పట్టణమువారు నిద్రలేక దుఃఖించిరని క్సెనొఫోను వ్రాసెను. ఇట్లు పరస్పరకలహములచేత క్షీణించిన గ్రీకులు 338లో మాసిడోనియా రాజగు ఫిలిప్పునకు లోబడిరి.

ఆతని కుమారుడు అలెగ్జాండరు 326లో వితస్తానదీతీరమున పురుషోత్తమునితో పోరాడెను. పిమ్మట చంద్రగుప్త మౌర్యుని యొద్దకు మెగస్తనీసు అను యవనుడు రాయబారిగా వచ్చెను. ఆతని వ్రాతలనుండి గ్రహించినదని పండితులు తలచు రోమక గ్రంథకర్త ప్లినీ లెక్కలో, ఆంధ్రులకు ప్రాకారములుగల పట్టణములు 30, కాల్బలము 1,00,000, గుఱ్ఱములు 2,000, ఏనుగులు 1,000. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు మన తూర్పుతీరమును మసాలియా యని పేర్కొని, అచట సన్నని నూలుబట్టలు విస్తారముగా నేయుదురని వ్రాసెను. రెండవ శతాబ్దమున టాలమీ చెప్పిన కంటకోస్సిల నేటి కృష్ణాజిల్లాలోని ఘంటసాల యని పరిశోధకులు నిర్ణయించిరి. వర్తకముతోబాటు వైరమును గలదు. గౌతమీ బాలశ్రీ తన కుమారుడగు శాతకర్ణిని శక యవన పహ్లవులను నిర్మూలించినవాడని నాసిక శాసనమున కొనియాడినది.

అన్నిటికంటె ముఖ్యమైనది కర్నూలుజిల్లా ఎఱ్ఱగుడి కొండరాళ్లపై నున్నది. అశోకుని పదునాలుగు శిలాశాసనములు అచట చెక్కబడినవి. వానిలో పదుమూడవదానియందు యవనుల పేరును ఆంధ్రుల పేరును కూడ గలవు. కళింగయుద్ధమున 1,00,000 మంది చంపబడిరనియు, 1,50,000 మంది చెరగొనిపోబడిరనియు, అందులకు తాను పరితపించుచున్నాననియు ఆ చక్రవర్తి అందు ప్రకటించెను.

పెద్దలారా! మిటిలీని విషయమున పశ్చాత్తాపము ఒక్కరాత్రిలో వచ్చి ఊరిని కాపాడెను. కళింగమున అది యుద్ధానంతరము వచ్చెను. రాజు మారెను గాని చచ్చినవారు మరల రాలేదు. మీలాసునకు అది రానేలేదు. మీ గ్రామములలోను తగవులు రచ్చకెక్కును. నలుగురు కూడి తీర్పు చెప్పుదురు. కోపమున్ననాడు తీర్పు చెప్పక, ఒక రాత్రి గడువనిచ్చి, ఆ సభలో నోరులేనివారి మాటగూడ విని, తెల్లవారినపిమ్మట మరల కూర్చుండుడు. మహానగరమగు ఏథెన్సు ఒకమారు చేసి, మరియొకమారు చేయక చెడిన పని యిదియే.