కైకిలి ఏ పద్దులో?

1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద హుజూర్‌నగర్ మెట్ట చేలు వరి మడులైనయ్. ఇదంతా మనకు చెప్పిన చరిత్రే. చెప్పని చరిత్ర ఒకటుంది: ప్రాజెక్టు కట్టొచ్చా లేదా అని తేల్చే లెక్కది.

మొదట్లో సర్కారు తన పెట్టుబడి మీద వచ్చే రాబడినే చూసింది. 1964లో గాడ్గిల్ కమిటీ, రైతులకు కలిగే లాభాన్ని ఖర్చుతో పోల్చమంది. ఒకటిన్నర రెట్లుంటే కట్టొచ్చంది. ముందడుగే. మరి లాభమెట్లా కడతారు? పంట విలువలోంచి విత్తనం, ఎరువు, కూలి తీసేయగా మిగిలింది లాభం.

ఈ లెక్కను హుజూర్‌నగర్ మడిలో నిలబెట్టి చూడండి. నాటేసిన మాదిగ తల్లి కైకిలి, ఎరువు బస్తా పక్కన ఖర్చు పద్దులో పడుతుంది. భూమి గల ఆసామి మిగులు దేశానికి లాభమవుతుంది. కైకిలి పెరిగితే ప్రాజెక్టు లాభం తగ్గినట్టు!

లెక్కకు కులం లేదంటారు పండితులు. భూమికి ఉంది కదా! నీళ్లు భూమి ఉన్నోళ్ల చేలకే పారుతయ్.

వేరే పద్ధతి లేదా? ఉంది. 1972లో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ కోసం దాస్‌గుప్తా, సేన్, మార్గ్లిన్ రాసిన మార్గదర్శకాలు, పేదోళ్ల చేతికొచ్చే రూపాయికి ఎక్కువ విలువ కట్టే దారి చూపినయ్.

అందుకే ఏ ప్రాజెక్టు నివేదిక చేతికొచ్చినా లాభమెంతని అడిగే ముందు ఒకటి అడగాలె: మా కైకిలి ఏ పద్దులో రాసిన్రు?