వెన్న చిలకడం

వెన్న చిలకడం అంటే పాలు, పెరుగు లేదా మీగడను కవ్వంతో గాని, మరొక సాధనంతో గాని వేగంగా కదిపి, అందులోని కొవ్వును ముద్దగా వేరుచేసే ప్రక్రియ. ఇలా వచ్చిన ముద్దనే వెన్న, వెన్నపూస అంటారు. సంస్కృతంలో నవనీతం అంటారు. వెన్న తీయగా మిగిలిన ద్రవం మజ్జిగ లేదా చల్ల. భారతదేశంలో ఇళ్లలో ఎక్కువగా పెరుగును చిలికి వెన్న తీస్తారు. ఐరోపా దేశాలలో మీగడను చిలికి తీసే పద్ధతి ఎక్కువ. ఈ పనికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. పాలలో ఎంత కొవ్వు ఉంది, పెరుగు సరిగా తోడుకొన్నదా, చిలికే సమయానికి అది ఎంత చల్లగా ఉంది అనే మూడు విషయాలపైనే వెన్న పడుట ఆధారపడి ఉంటుంది.

పాలలోని కొవ్వు

పాలలో కొవ్వు కంటికి కనిపించనంత చిన్న బిందువుల రూపంలో నీటిలో తేలుతూ ఉంటుంది. ఒక్కొక్క బిందువు చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. ఈ పొర వలననే బిందువులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా ఉంటాయి. చిలికినపుడు పెరుగులోకి గాలి చేరి నురుగు వస్తుంది. కొవ్వు బిందువులు ఆ గాలి బుడగల చుట్టూ చేరి, ఒకదానితో ఒకటి ఢీకొని, పొరలు చిట్లి అతుక్కొంటాయి. మొదట రవ్వల వలె కనిపించి, క్రమంగా ముద్దలవుతాయి. పాలు నీటిలో కొవ్వు కలిసి ఉన్న పదార్థం కాగా, వెన్న కొవ్వులో నీరు చిక్కుకొని ఉన్న పదార్థం.

ఆవు పాలలో సాధారణంగా 3.5 నుండి 4.5 శాతం, గేదె పాలలో 6 నుండి 8 శాతం వరకు కొవ్వు ఉంటుంది. గేదె పాలలోని కొవ్వు బిందువులు కొంత పెద్దవి కూడా. అందువలన గేదె పెరుగు నుండి వెన్న ఎక్కువగా వస్తుంది. ఆవు వెన్న లేత పసుపుగా, గేదె వెన్న తెల్లగా ఉంటాయి. పచ్చిమేతలోని కెరోటిన్ ఆవు పాలలోకి నేరుగా వస్తుంది. గేదె దానిని దాదాపు పూర్తిగా విటమిన్ ఎ గా మార్చుకొంటుంది. ఈ రంగుభేదానికి కారణం ఇదే.

6 శాతం కొవ్వు గల ఒక లీటరు పాలలో సుమారు 60 గ్రాముల కొవ్వు ఉంటుంది. వెన్నలో 80 శాతం కొవ్వు, మిగిలినది ప్రధానంగా నీరు కాబట్టి, కొవ్వు అంతా వెన్నగా మారితే సుమారు 75 గ్రాములు రావాలి. కొంత కొవ్వు మజ్జిగలోనే ఉండిపోవుట వలన ఇంట్లో ఇంతకంటె తక్కువే వస్తుంది.

ప్యాకెట్ పాలు

భారతదేశంలో అమ్మే పాలలో ఫుల్‌క్రీమ్ పాలకు 6 శాతం, స్టాండర్డ్ పాలకు 4.5 శాతం, టోన్డ్ పాలకు 3 శాతం, డబుల్ టోన్డ్ పాలకు 1.5 శాతం కనీస కొవ్వుగా నిర్ణయించారు. వెన్న కొరకు కొనేవారు ఫుల్‌క్రీమ్ పాలను ఎంచుకోవడం మేలు. ప్యాకెట్‌పై "హోమోజెనైజ్డ్" అని ఉన్నదేమో కూడా చూడాలి. ఈ పద్ధతిలో పాలను అధిక పీడనంతో సన్నని రంధ్రాల గుండా పంపి, కొవ్వు బిందువులను మరీ చిన్నవిగా విడగొడతారు. అటువంటి పాలపై మీగడ సరిగా కట్టదు, ఎంతసేపు చిలికినా వెన్న దాదాపు రాదు. ఎంత చిలికినా వెన్న పడలేదని పట్టణాలలో చాలామంది అనుకోవడానికి తరచు కారణం ఇదే.

సంప్రదాయ పరికరములు

* కవ్వం: నిలువు కర్రకు చివర గాట్లు గల గుండ్రని తల ఉన్న చెక్క సాధనం. చిన్న కవ్వాన్ని రెండు అరచేతుల మధ్య తిప్పుతారు. పెద్ద కవ్వాన్ని తాడుతో తిప్పుతారు.
* తరిత్రాడు: కవ్వానికి చుట్టి, రెండు కొసలను మార్చి మార్చి లాగే తాడు.
* కవ్వపు గుంజ: పెద్ద కవ్వం నిలువుగా నిలబడుటకు ఆధారంగా నేలలో పాతిన స్తంభం.
* కుండ: పెరుగు పోసి చిలికే పాత్ర. మట్టి కుండ పైపొర నుండి నీరు ఆవిరి అగుట వలన లోపలి పెరుగు చల్లగా ఉంటుంది. దీనిని తరికుండ అని కూడా అంటారు.
* ఉట్టి: వెన్న, పెరుగు కుండలను పిల్లులకు, చీమలకు అందకుండా వేలాడదీసే తాళ్ల అల్లిక.

పూర్వం పల్లెలలో పిడకల దాలిపై పాలకుండను ఉంచి గంటల తరబడి సన్నని సెగపై కాచేవారు. పాలు లేత ఎరుపు రంగుకు వచ్చి, పైన మందమైన మీగడ కట్టేది. ఆ పాలను రాత్రి తోడుపెట్టి, తెల్లవారుజామున చిలికేవారు. ఎండ రాకముందే చిలకడం అలవాటుగా మాత్రమే వచ్చినది కాదు. ఆ వేళ పెరుగు చల్లగా ఉండి వెన్న గట్టిగా పడుతుంది.

తయారు చేయు విధానము

1. పాలను పొంగు వచ్చే వరకు కాచి, మరికొన్ని నిమిషాలు సన్నని సెగపై ఉంచాలి. పచ్చిపాల ద్వారా క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి వ్యాధులు సోకే అవకాశం ఉన్నందున కాచకుండా వాడరాదు.
2. పాలను కదపకుండా చల్లార్చి, కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే మీగడ మందంగా కడుతుంది. దానిని తీసి వేరే గిన్నెలో వేయాలి.
3. మొదటి రోజు మీగడలోనే ఒక చెంచా పెరుగు చేమిరిగా కలపాలి. తరువాతి రోజుల మీగడను అదే గిన్నెలో చేర్చుతూ, గిన్నెను మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. వారం రోజులకు మించి దాచరాదు. ఫ్రిజ్ లేని ఇంట్లో పాలన్నిటిని తోడుపెట్టి, ఏ రోజు పెరుగును ఆ రోజే చిలుకుతారు.
4. చిలికే ముందు గిన్నెను కొన్ని గంటలు బయట ఉంచి, మీగడ పూర్తిగా పులిసేటట్లు చూడాలి. పులుపు వలన కొవ్వు బిందువుల పొరలు బలహీనపడి వెన్న త్వరగా పడుతుంది.
5. పాత్రలో సగానికి మించకుండా పోసి, చల్లని నీరు కొంత కలిపి చిలకాలి. నురుగు పెరిగి, తరువాత తగ్గి, కవ్వానికి రవ్వలు అంటుకొంటాయి. కవ్వం తిరిగే చప్పుడు కూడా మారుతుంది.
6. రవ్వలు కనబడగానే మరికొంత చల్లని నీరు పోసి, నెమ్మదిగా చిలికితే ముద్దలు పైకి తేలుతాయి. చేతిని చన్నీటిలో తడిపి వెన్నను తీయాలి. పొడిచేతికి వెన్న అంటుకొంటుంది.

కవ్వము లేనిచో

మూత గట్టిగా పట్టే గాజు సీసాలో సగం వరకు మీగడ పోసి, పది నుండి ఇరవై నిమిషాలు పైకి కిందికి కుదిపినా వెన్న వస్తుంది. సీసాను నిండా నింపితే కదలికకు చోటు లేక వెన్న పడదు. మిక్సీలో వేసేవారు ఒకేసారి ఎక్కువసేపు తిప్పక, కొద్ది క్షణాలు తిప్పి ఆపుతూ ఉండాలి. ఎక్కువసేపు తిప్పితే మిక్సీ వేడికి వెన్న కరగి మజ్జిగలో కలిసిపోతుంది. కళాయి వేయని రాగి, ఇత్తడి పాత్రలను పులిసిన పెరుగుకు వాడరాదు. మట్టి, స్టీలు, గాజు పాత్రలు అనుకూలం.

వెన్న పడకపోవుటకు కారణములు

* పెరుగు వెచ్చగా ఉన్నపుడు కొవ్వు మెత్తబడి, వెన్న జిడ్డుగా వస్తుంది, చాలా భాగం మజ్జిగలో పోతుంది. వేసవిలో ఇది సాధారణం. మంచు ముక్కలు గాని, కుండలోని చల్లని నీరు గాని కలపాలి.
* పెరుగు మరీ చల్లగా ఉన్నపుడు కొవ్వు గట్టిపడి, బిందువులు అతుక్కోవు. చలికాలంలో కొద్దిగా గోరువెచ్చని నీరు కలుపుతారు.
* పాలలో నీరు కలిసినా, కొవ్వు తక్కువైనా, మీగడ పులియకపోయినా వెన్న ఆలస్యంగా పడుతుంది.
* పాత్ర నిండా పోసినపుడు గాలి చేరదు.

కడుగుట, నిల్వ చేయుట

తీసిన వెన్నను రెండు మూడు సార్లు చల్లని నీటిలో పిసికి కడగాలి. నీరు తేటగా వచ్చినపుడు అందులోని మజ్జిగ పోయినట్లు. మజ్జిగ మిగిలితే అందులోని చక్కెరను, మాంసకృత్తులను సూక్ష్మజీవులు తినుట వలన వెన్న త్వరగా పులిసి వాసన వస్తుంది. కడిగిన వెన్నను నీటిలో మునిగేటట్లు ఉంచి, ఆ నీటిని రోజూ మార్చుతారు. ఫ్రిజ్‌లో మూతపెట్టి ఉంచితే కొద్ది రోజులు నిలుస్తుంది. ఉప్పు కలిపితే మరికొంత కాలం ఉంటుంది. తెలుగు ఇళ్లలో వెన్నకు ఉప్పు కలపరు, ఎక్కువ భాగాన్ని నెయ్యిగా కాచి దాచుకొంటారు. వెన్నలోని నీరంతా ఆవిరై, అడుగున మడ్డి గోధుమరంగుకు వచ్చినపుడు నెయ్యి కాగినట్లు. కొందరు చివరలో తమలపాకు గాని, కరివేపాకు గాని, మునగాకు గాని వేస్తారు. నీరు లేనందున నెయ్యి నెలల తరబడి నిలుస్తుంది.

ఉపయోగములు

వెన్నను చద్దన్నంలో, వేడి రొట్టెపై వేసుకొని తింటారు. వెన్నుండలు, మురుకులు, చెక్కలు గుల్లగా రావడానికి పిండిలో కలుపుతారు. 100 గ్రాముల వెన్నలో సుమారు 720 కిలోకాలరీల శక్తి, విటమిన్ ఎ ఉంటాయి. సంతృప్త కొవ్వు ఎక్కువగా ఉన్నందున మితంగా తినాలి. వెన్న తీసిన మజ్జిగలో కొవ్వు తక్కువ, మాంసకృత్తులు, కాల్షియం చాలావరకు అలాగే ఉంటాయి. పాడి ఉన్న ఇంటివారు నెయ్యి అమ్ముకొన్నా, మజ్జిగను ఇరుగుపొరుగువారికి ఊరికే పోయడం పల్లెలలో మర్యాద. చల్లకు ముంత పట్టుకొని వెళ్లే ఈ అలవాటు నుండే "చల్లకొచ్చి ముంత దాచినట్లు" అనే సామెత పుట్టింది.

పురాణములలో, భాషలో

క్షీరసాగర మథనం కథ వెన్న చిలకడానికి పెద్ద రూపం. అందులో మందర పర్వతం కవ్వం, వాసుకి తరిత్రాడు. భాగవతం దశమ స్కంధంలో యశోద పెరుగు చిలుకుతూ, పొయ్యిపై పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లగా, బాలకృష్ణుడు కుండ పగులగొట్టి వెన్న తిన్న ఘట్టం ఉంది. తరువాత అతనిని రోటికి కట్టివేస్తుంది. కవయిత్రి తరిగొండ వెంగమాంబ స్వగ్రామమైన తరిగొండలోని నరసింహస్వామి మూర్తి చల్ల చిలికే తరికుండలో లభించినదని, ఊరి పేరు దాని నుండే వచ్చినదని స్థలపురాణం. చేతిలో ఉన్నదానిని గుర్తించక వేరొకచోట వెదికేవారిని "వెన్న చేతిలో పెట్టుకొని నేతికి వెదకినట్లు" అంటారు.

ఇవి కూడా చూడండి

* పాలు
* పెరుగు
* మజ్జిగ
* నెయ్యి
* కవ్వం