ఎవరి ప్రేమ పిల్లచేష్ట? బడి ప్రేమల సినిమాల్లో కులం

బడి ఈడు ప్రేమల సినిమా అనగానే కళ్లముందుకొచ్చే దృశ్యాలు కొన్ని ఉన్నాయి. నోటుబుక్కులో దాచిన ఉత్తరం, వెనక బెంచీలో ఇకిలింపులు, సైకిలేసుకుని వెంటపడటం, దొరికిపోయాక హెడ్మాస్టరు బెత్తం, ఇంట్లో నాలుగు చీవాట్లు. చివరికి అందరూ నవ్వుకుంటారు. తెలిసీ తెలియని వయసు, పోనీలే అని పెద్దలు వదిలేస్తారు. ఈ వదిలేయడం మీదే ఆ కథంతా నిలబడి ఉంది. తప్పు చేసినా ప్రాణాల మీదికి రాదన్న భరోసా ఉంటేనే నవ్వు పుడుతుంది. వాడ నుంచి బడికొచ్చిన పిల్లవాడికి ఆ భరోసా ఉందా? ఈ సినిమాల చరిత్రను మేము ఈ ప్రశ్నతో చూడదలచుకున్నాం.

ముందు సినిమా హాలు సంగతే చూద్దాం. 1991 జూలైలో గుంటూరు జిల్లా చుండూరులో హాల్లో సినిమా చూస్తున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని రెడ్డి కులస్థునికి తగిలింది. తగాదా అక్కడ రాజుకుంది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు వాళ్లందరినీ వదిలేసింది. తెర మీద ఎవరి ప్రేమ ఆడాలన్నది తర్వాతి మాట. తెర ముందు ఎవరు ఎట్లా కాళ్లు ముడుచుకుని కూర్చోవాలో అప్పటికే నిర్ణయమై ఉంది.

ఇక తెర మీదికొద్దాం. 1973 నాటి హిందీ 'బాబీ' పడుచు ప్రేమల సినిమాకు దేశమంతటా గిరాకీ తెచ్చింది. డబ్బున్న అబ్బాయి, జాలరి ఇంటి అమ్మాయి. 1981లో భారతీరాజా తెలుగులో తీసిన 'సీతాకోకచిలుక'లో బ్రాహ్మణ అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి. చివర జంధ్యం, శిలువ రెండూ వదిలేసి ఇద్దరూ వెళ్లిపోతారు. ఆ రోజుల్లో అది చిన్న సాహసం కాదు. అయితే మన పల్లెల్లో క్రైస్తవమంటే చాలావరకు మాల మాదిగ పల్లెలే. సినిమాలో అమ్మాయి అన్న మాత్రం డబ్బూ దర్పం ఉన్నవాడు. మతం మాట్లాడింది, కులం నోరు మెదపలేదు.

2000లో తేజ 'చిత్రం' తీశాడు. కొత్త నటులు, తక్కువ ఖర్చు, కుర్రకారు కథ. ఆ దారిలోనే 2001లో 'నువ్వు నేను', 2002లో 'జయం' వచ్చాయి. మేమూ, మా తమ్ముళ్లూ ఎగబడి చూసినోళ్లమే. 'నువ్వు నేను'లో అబ్బాయి కోటీశ్వరుని కొడుకు, అమ్మాయి పాలవ్యాపారి కూతురు. ఇద్దరి మధ్య గోడకు సినిమా పెట్టిన పేరు డబ్బు. ఊళ్లో అందరికీ తెలిసిన అసలు పేరు తెర మీద వినపడదు. 2008 నాటి 'కొత్త బంగారు లోకం'కొచ్చేసరికి ఆ గోడ కూడా లేదు. జూనియర్ కాలేజీ పిల్లలకు అడ్డల్లా వయసూ చదువూ ఇంటోళ్ల బెంగే. కులం లేని అమాయకత్వం అంటే ఇదే. ఒకే మెట్టు మీదున్నవాళ్లకు మెట్లు కనపడవు. 2020లో 'కలర్ ఫోటో' మచిలీపట్నం నేపథ్యంలో పాలమ్ముకుంటూ ఇంజినీరింగు చదివే నల్లటి కుర్రాడి కథ చెప్పింది. గాయం నిజమే. దాని పేరు మాత్రం ఒంటిరంగు దగ్గరే ఆగింది.

ఈ మౌనాన్ని బద్దలుకొట్టిన సినిమా మరాఠీలో వచ్చింది. నాగరాజ్ మంజులే మొదటి కథాచిత్రం 'ఫండ్రీ' 2014 ఫిబ్రవరి 14న, అంటే ప్రేమికుల దినాన, థియేటర్లలోకొచ్చింది. కైకాడీ ఇంటి పిల్లవాడు జబ్యా తన తరగతిలోని పైకులం అమ్మాయి శాలు మీద మనసు పడతాడు. పొడుగు తోక నల్లపిట్టను పట్టి కాల్చి ఆ బూడిద చల్లితే అమ్మాయి వలచి వస్తుందని నమ్ముతాడు. జీన్సు ప్యాంటు కోసం కలలు కంటాడు. ఇదంతా మనకు తెలిసిన పిల్లచేష్టే, నవ్వొస్తుంది కూడా.

తర్వాత నవ్వు తిరగబడుతుంది. ఊళ్లో పందులు పట్టే పని జబ్యా కుటుంబం మీద పడుతుంది. బడి పక్కనే పంది వెంట పరుగెత్తాలి. శాలు చూస్తుందేమోనని వాడు దాక్కుంటాడు. పంది దొరకబోయే వేళ బళ్లో జనగణమన మొదలవుతుంది. అందరూ కదలకుండా నిలబడతారు, పంది పోతుంది. చివరకు దాన్ని పట్టి మోసుకుపోతుంటే వెనక బడి గోడ మీద అంబేద్కర్, ఫూలే, సావిత్రీబాయి బొమ్మలుంటాయి. తోటి పిల్లలు గేలి చేస్తారు, నవ్వేవాళ్లలో శాలూ ఉంటుంది. జబ్యా విసిరిన రాయి నేరుగా మన మీదికే వస్తుంది. హాల్లో అంతసేపూ నవ్విన మనం ఎటువైపు కూర్చున్నామో అప్పుడు తెలుస్తుంది.

'ఫండ్రీ' అంటే కైకాడీ భాషలో పంది. ఆ మాట వినగానే మన 'పంది'కి చుట్టమని తెలిసిపోతుంది. కైకాడీ మన ఎరుకల భాషకు దగ్గరిది. పందుల పెంపకం పేరుతో ఎరుకల పిల్లలు మన బళ్లలో పడ్డ ఎగతాళి తెలిసిన పంతుళ్లకు ఈ సినిమా పరాయిది కాదు.

2016లో మంజులేనే తీసిన 'సైరాట్' సగందాకా హాయైన ప్రేమ కథ. చిన్న పిల్లాడు మోసుకెళ్లే ఉత్తరాలు, బావి దగ్గర అల్లరి, ట్రాక్టరు తోలే పాటిల్ కూతురు ఆర్చీ. పర్శ్యా జాలరి కొడుకు. దొరికిపోయాక ఇద్దరూ పారిపోయి చేరింది మన హైదరాబాదుకే. మురికివాడలో, దోసెల బండి నడిపే ఒక అక్క చలవతో, తెలుగు నేర్చుకుంటూ బతుకుతారు. కొన్నేళ్లకు అమ్మాయి తరఫువాళ్లు చీరెసారెలతో వచ్చి ఇద్దరినీ చంపిపోతారు. 2018లో హిందీలో 'ధడక్'గా మళ్లీ తీసినప్పుడు కులాన్ని బాగా పలచన చేశారు.

అదే ఏడాది సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను ఆసుపత్రి బయట నరికేశారు. బడి రోజుల్లో మొదలైన పరిచయం, పెళ్లి, కడుపులో బిడ్డ. అతను మాల క్రైస్తవుడు, ఆమె వైశ్యుల అమ్మాయి. కిరాయి ఇచ్చి చంపించాడన్న కేసులో మొదటి ముద్దాయి అయిన ఆమె తండ్రి 2020లో చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. తీర్పుకు ఆరేళ్లు దాటింది.

మనలో మనం అడగాల్సిన మాట ఒకటుంది. ఇన్ని సినిమాల్లో బళ్లో తొలిసారి మనసు పడ్డ దళిత అమ్మాయి ఏది? 'ఫండ్రీ'లోనూ 'సైరాట్'లోనూ మనవైపు నుంచి ప్రేమించింది అబ్బాయే. వెంటపడటాన్ని హాస్యంగా చూపే సినిమా, హాస్టలుకు నడిచిపోయే మన ఆడపిల్లకు అదెంత భయమో చూపదు. ఆమె ఇష్టం సంగతి పైకులాల సినిమా పట్టించుకోలేదు సరే, మన మగవాళ్లం మాత్రం ఎప్పుడు అడిగాం?

ఉపాధ్యాయ మిత్రులకు మా విన్నపం ఒకటే. రేపు మీ తరగతిలో ఒక ఉత్తరం దొరుకుతుంది. అందులోని పేర్లు చదవగానే ముందు ఎవరింటికి కబురు పంపుతారు? ఎవరి విషయంలో పోనీలే అని నవ్వుతారు, ఎవరికి టీసీ చేతిలో పెడతారు? మన పిల్లలకు గొప్ప ప్రేమకథలు కావాలని మేము అడగడం లేదు. అందరి పిల్లల్లాగే పిచ్చి ఉత్తరం రాసి, రెండు దెబ్బలు తిని, సాయంత్రానికి ప్రాణాలతో ఇల్లు చేరే హక్కు కావాలంటున్నాం.