తూము, మూస, ట్యాప్‌హోల్: తెలుగు నేలపై ద్రవలోహ నిర్గమ మార్గాల చరిత్ర

శారదానది పరీవాహక ప్రాంతంలో పండిన చెరకును బెల్లంగా మార్చే అనకాపల్లి పరిసర గ్రామాలలో, కాగిన పాకాన్ని బయటకు తీసే సంప్రదాయ పద్ధతి అందరికీ తెలిసినదే. పొయ్యి మీది పెనాన్ని నలుగురు ఎత్తి పక్కకు వంచుతారు. పెనానికి అడుగున రంధ్రం ఉండదు. అదే గ్రామాలలో చెరువు నీటిని పొలానికి వదిలే పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నమైనది. చెరువును వంచడం సాధ్యం కాదు గనుక కట్ట అడుగున తూము నిర్మిస్తారు. నిలువురాళ్ల నడుమ దించిన పొడవాటి కొయ్య కొసన బిరడా ఉంటుంది. దానిని పైకి లాగితే నీరు పారుతుంది, దించితే ఆగుతుంది. పాత్రలోని ద్రవాన్ని ఖాళీ చేయడానికి స్థూలంగా ఈ రెండే మార్గాలు: వంచడం, తూము పెట్టడం. పాత్రలో ఉన్నది పాకమో నీరో కాక, 1500 డిగ్రీల సెల్సియస్ వేడిమి గల ఇనుము అయినప్పుడు ఈ రెండు మార్గాలూ ఏ రూపం ధరించాయన్నది ఈ వ్యాసంలోని విచారణాంశం.

ఈ ప్రశ్నకు అనకాపల్లి ప్రాంతం తగిన చోటు. అనకాపల్లి నుండి విశాఖపట్నం వెళ్లే రహదారి పక్కనే విశాఖ ఉక్కు కర్మాగారం ఉంది. ఉత్తరాన గరివిడిలో ఫెర్రో మాంగనీసు పరిశ్రమ 1950ల నుండి ఉంది. అయితే విశాఖ ఉక్కును గురించి తెలుగులో వెలువడిన రచనలలో అధికభాగం ఉద్యమచరిత్రలే. 1966 అక్టోబరులో టి. అమృతరావు చేపట్టిన నిరాహారదీక్ష, నవంబరు 1న విశాఖలో జరిగిన కాల్పులు, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వేసిన శంకుస్థాపన, భూములు కోల్పోయిన గ్రామాల గాథ వాటిలో విస్తారంగా నమోదయ్యాయి. అది అవసరమైన పనే. కాని కొలిమి లోపలి చరిత్ర, అంటే ఆ ఇనుము ఏ దారిన బయటకు వచ్చిందన్న చరిత్ర, ఆ రచనలలో చోటు చేసుకోలేదు.

నిర్గమం లేని కొలిమి

తెలంగాణలో విస్తృతంగా సాగిన సంప్రదాయ ఇనుప పరిశ్రమలో, మట్టితో కట్టిన కొలిమిలో ఇనుము కరిగేది కాదు. శుద్ధమైన ఇనుము ద్రవీభవించడానికి 1538 డిగ్రీలు కావాలి. తిత్తుల గాలితో నడిచే బొగ్గు కొలిమి పని అంతకు చాలా తక్కువ వేడిమిలోనే సాగేది. కరిగి పారేది చిట్టెం మాత్రమే. కొలిమి అడుగున మట్టితో మూసిన రంధ్రాన్ని కడ్డీతో పొడిచి చిట్టాన్ని వదిలేవారు. రంధ్రాలతో నిండిన ముద్దలాంటి ఇనుము లోపలే మిగిలేది. దానిని తీయాలంటే కొలిమి ముందుభాగాన్ని పగలగొట్టాలి. కనుక ఇక్కడి తొలి అగ్నిసహ నిర్గమం లోహానికి కాదు, మలినానికి ఏర్పడినది.

నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో పరిస్థితి మరింత ఆసక్తికరమైనది. లాంబ్టన్ సర్వేలో వైద్యుడుగాను, భూగర్భ శాస్త్రవేత్తగాను పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వాయిసీ అక్కడి ఉక్కు తయారీని స్వయంగా చూసి రాసిన వివరణ 1832లో కలకత్తాలో అచ్చయింది. ఇనుమును మట్టి మూసలో ఉంచి, మూత పెట్టి, మట్టితో సందులు పూడ్చి, సుమారు ఒక పగలూ రాత్రీ కాల్చేవారు. మూసలో లోహం నిజంగానే కరిగేది. అయినా దానిని ఎవరూ బయటకు పోసేవారు కారు. అది మూసలోనే చల్లబడి ముద్ద కట్టేది. అప్పుడు మూసను పగలగొట్టేవారు. ద్రవలోహం ఉంది, నిర్గమం లేదు.

దీనిని లోపంగా భావించడం సరికాదు. డమాస్కస్ కత్తుల మీది అలల రేఖలకు ఆ ఉక్కులోని అధిక కర్బనం, అది నెమ్మదిగా చల్లబడటం ముఖ్య కారణాలని లోహశాస్త్రజ్ఞులు వివరించారు. బయటకు పోసి ఉంటే ఆ నెమ్మది దక్కేది కాదు. ఇక్కడ మూసకారుని నైపుణ్యమంతా మూయడంలో ఉంది. మూసమట్టిలో వడ్ల ఊక కలిపేవారని వాయిసీ కాలం నుండి తెలిసినదే. 1980ల చివర థెల్మా లోవ్ జరిపిన పరిశీలనలు ఆ ఊక ఏమి చేసేదో స్పష్టం చేశాయి. ఊక కాలి సిలికా అస్థిపంజరాన్ని, సన్నని ఖాళీలను, కొంత కర్బనాన్ని మిగిల్చేది. సిలికా వేడిమికి నిలిచేది, ఖాళీలు పగుళ్లను ఆపేవి, కర్బనం లోపలి వాతావరణాన్ని ఆమ్లజని నుండి కాపాడేది. వరి పండే నేలలో కమ్మరికి చేరువలో ఉన్న వ్యర్థపదార్థమే ఈ మట్టికి ప్రాణం పోసిందన్నమాట. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ కలిసి తెలంగాణలో జరిపిన క్షేత్ర సర్వే, అంతకు ముందు నుండి ఎస్. జైకిషన్ చేసిన స్థానిక పరిశోధన ఈ పరిశ్రమ వ్యాప్తిని కొత్తగా వెలుగులోకి తెచ్చాయి.

గరివిడి: మాంగనీసు తూము

విశాఖపట్నం జిల్లాలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది. భారతదేశంలో మాంగనీసు గనుల చరిత్ర అక్కడినుండే ఆరంభమవుతుంది. ఆరు దశాబ్దాలు ఖనిజం ఓడలెక్కి వెళ్లిపోయింది. 1955లో స్థాపితమైన ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ గరివిడిలో కొలుములు నెలకొల్పడంతో ఖనిజాన్ని ఇక్కడే కరిగించడం మొదలైంది. ఉత్తరాంధ్రలో లోహం నిరంతరాయంగా కరిగి తూము గుండా పారడం ఈ పరిశ్రమతో స్థిరపడింది.

ఇటువంటి విద్యుత్ కొలుములను నిర్ణీత వ్యవధులలో తెరిచి మూయాలి. మూసిన మట్టిని తొలిచి, అవసరమైతే ఆమ్లజని గొట్టంతో కాల్చి దారి చేస్తారు. పారడం ముగిశాక మట్టిముద్దను కర్రతో నెట్టి బిగిస్తారు. సాధారణ అగ్నిమృత్తికకు మాంగనీసు శత్రువు. మాంగనీసు ఆక్సైడు గల చిట్టెం సిలికాను కరిగించి తినివేస్తుంది. అందుకే నిర్గమం చుట్టూ కర్బనపు దిమ్మలు వాడతారు. కోనసముద్రంలో ఊక మిగిల్చిన కర్బనం ఇక్కడ దిమ్మగా మారి ఎదురవుతుంది. అయితే దీనిని వారసత్వంగా చెప్పడం చరిత్ర కాదు. మన పూర్వులకు సమస్తమూ తెలుసుననే ధోరణి తెలుగు వ్యాసాలలో తరచు కనిపిస్తుంది. కోనసముద్రం మూసకారునికీ గరివిడి కార్మికునికీ నడుమ గురుశిష్య పరంపర లేదు. ఒకే పదార్థధర్మం రెండు వేర్వేరు కాలాలలో రెండు సార్లు వినియోగానికి వచ్చింది, అంతే.

గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ

విశాఖ ఉక్కు కర్మాగారపు తొలి బ్లాస్ట్ ఫర్నేసు ‘గోదావరి’ 1990లోను, రెండవది ‘కృష్ణ’ 1992లోను ప్రజ్వలితమయ్యాయి. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. నిర్మించినప్పుడు ఈ రెండు కొలుముల ఉపయుక్త ఘనపరిమాణం ఒక్కొక్కటి 3200 ఘనమీటర్లు. మూడవదైన ‘అన్నపూర్ణ’ 2012లో తోడైంది. కొలుములకు నదుల పేర్లు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టడం యాదృచ్ఛికమే కావచ్చును గాని, ప్రవాహం గురించి రాసేవారికి ఆ పేర్లు ఎంతో ఒప్పుతాయి.

తొలి రెండు కొలుములకూ నాలుగేసి ట్యాప్‌హోళ్లు, చుట్టూ వర్తులాకారపు క్యాస్ట్‌హౌసు ఉన్నాయి. ఒక తూము పారుతుండగా మరొకదానిలో మట్టి గట్టిపడుతుంది. అందువల్ల లోహప్రవాహం దాదాపు నిరంతరాయంగా సాగుతుంది.

ఇక్కడ చెరువు తూము పోలిక కొంతదూరం వస్తుంది. 1644లో టోరిచెల్లి ప్రకటించిన సూత్రం ప్రకారం రంధ్రం నుండి వెలువడే ద్రవం వేగం దాని మీది ద్రవపు ఎత్తును బట్టి ఉంటుంది, బరువును బట్టి కాదు. నీటికి దాదాపు ఏడు రెట్లు బరువైన ఇనుము సైతం అదే ఎత్తు నుండి, ఘర్షణను లెక్కించకపోతే, అదే వేగంతో పారుతుంది. అయితే బ్లాస్ట్ ఫర్నేసులో ఊదిన గాలి పీడనం పైనుండి తోడవుతుంది గనుక తూముల లెక్క అక్కడితో చాలదు. ఇంకొక భేదం మరీ ముఖ్యమైనది. రాతి తూము వందల ఏళ్లు అదే కొలతతో ఉంటుంది. ట్యాప్‌హోల్ పారుతున్నంతసేపూ అరిగి వెడల్పవుతుంది. 60 మిల్లీమీటర్ల వ్యాసం 75కు పెరిగితే రంధ్రపు వైశాల్యం, దానితో పాటు ప్రవాహం, ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

అందుచేత ట్యాప్‌హోల్‌ను గోడలోని రంధ్రంగా భావించడం పొరపాటు. అది ప్రతి పర్యాయం మళ్లీ నిర్మితమయ్యే మట్టిగొట్టం. పారడం ముగియగానే మడ్‌గన్ అనే యంత్రం మట్టిని బలంగా లోపలికి నెడుతుంది. ఆ మట్టి రంధ్రాన్ని నింపడమే కాక లోపలి గోడ మీద పుట్టగొడుగులా విప్పారి కొలిమి గోడను కాపాడుతుంది. అల్యూమినా, సిలికాన్ కార్బైడు, కోకు పొడి, వాటిని కలిపి ఉంచే తారు లేదా రెసిన్ ఈ మట్టిలో సాధారణంగా ఉండే ద్రవ్యాలు. దీని నుండి కోరే గుణాలు పరస్పర విరుద్ధమైనవి. నెట్టేటప్పుడు మెత్తగా ఉండాలి, లోపలికి చేరగానే త్వరగా గట్టిపడాలి, లోహపు కోతకు ఆగాలి, మళ్లీ తొలిచేటప్పుడు డ్రిల్లుకు లొంగాలి. మడ్‌గన్ రాకముందు ప్రపంచమంతటా గాలి ఆపి, మనుషులే రంధ్రం ముందు నిలబడి మట్టిముద్దలను కడ్డీలతో నెట్టేవారు. ఈ ముద్ద కూర్పులో కలిగిన ప్రతి మెరుగుదల ఆ మనుషులను నిప్పు ముందు నుండి ఒక్కొక్క అడుగు వెనక్కి జరిపింది. నిర్గమ రూపకల్పన చరిత్రను ఉత్పత్తి గణాంకాలకంటె ఈ దూరంతో కొలవడమే సమంజసం.

ఇనుము ఉక్కుగా మారే కన్వర్టరులో బెల్లపు పెనం పద్ధతి, చెరువు తూము పద్ధతి ఒకటవుతాయి. పాత్రను వంచుతారు, కాని లోహం మూతి గుండా కాక పక్కనున్న రంధ్రం గుండా దిగుతుంది. తేలికైన చిట్టెం పైన తేలి ఉంటుంది గనుక అడుగున ఉన్న ఉక్కు ముందు వస్తుంది. చివరి క్షణాలలో సుడి ఏర్పడి చిట్టెం కూడ జారితే, అందులోని భాస్వరం తిరిగి ఉక్కులో చేరుతుంది.

ల్యాడిల్‌ను గురించి చెప్పాలంటే చెరువు తూము కొయ్యనే తలుచుకోవాలి. పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధం నుండి ల్యాడిల్ అడుగు రంధ్రాన్ని మట్టి తొడుగులు వేసిన ఇనుప కడ్డీ కొసన ఉన్న బిరడాతో మూసేవారు. ఆకారం, పనితీరు తూము కొయ్యవే. కాని కడ్డీ మొత్తం కరిగిన ఉక్కులో మునిగి ఉంటుంది; ఒక తొడుగు పగిలితే ఆపే దారి లేదు. రంధ్రమున్న రెండు పలకలను ఒకదానిపై ఒకటి జరిపి మూసే స్లైడ్‌గేటుకు అమెరికాలో డి.డి. లూయిస్ 1885లోనే పేటెంటు పొందాడు. అది కర్మాగారాలలో నిలదొక్కుకున్నది 1960లలో. ఊహకూ ఆచరణకూ మధ్య ముప్పాతిక శతాబ్దం గడవడానికి కారణం యంత్రం కాదు, అంతటి రాపిడికీ వేడిమికీ తట్టుకునే పలక లేకపోవడం. నేడు నిరంతర పోతలో ప్రవాహాన్ని కొలిచి వదిలే నాజిల్‌కు జిర్కోనియా వాడతారు. దాని ద్రవీభవన స్థానం సుమారు 2700 డిగ్రీలు. దానికి మూలమైన జిర్కాన్ భీమునిపట్నం తీరపు ఇసుకలో ఉన్న ఖనిజాలలో ఒకటి.

మాటల సేకరణ

భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశాల కృషి ఆరంభమైనప్పుడు 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు గ్రంథస్థమయ్యాయి. అప్పటికి విశాఖలో బ్లాస్ట్ ఫర్నేసు లేదు. తూము, చిట్టెం, మూస, పోత వంటి మాటలు తెలుగులో పూర్వం నుండి ఉన్నాయి. రిఫ్రాక్టరీకి ‘ఉష్ణసహ’ అన్న పారిభాషిక పదం పుస్తకాలలో ఉంది. క్యాస్ట్‌హౌసులో మట్టి సరిగా గట్టిపడలేదని, తూము పొట్టిదైపోయిందని, పాయ చీలి చిమ్ముతున్నదని ఒకరికొకరు అరిచి చెప్పుకునే మాటలు మాత్రం ఏ కోశంలోనికీ ఎక్కలేదు. 1980ల చివర చేరిన తొలితరం కార్మికులు ఇప్పుడు పదవీ విరమణ వయసు దాటుతున్నారు. మరొకవైపు, 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని నక్కపల్లి వద్ద మరొక ఉక్కు కర్మాగారం ప్రతిపాదనకు వచ్చింది. వృత్తిపద సేకరణ ప్రశ్నావళిలో కొలిమి కోసం కేటాయించే పుటలలో మొదటి ప్రశ్న రంధ్రం తెరిచేవారిని అడగవలసినది: రంగు చూసి, చప్పుడు విని, ఇక మూయవలసిన సమయమైనదని వారు దేనిని బట్టి, ఏ మాటతో చెప్పేవారు?