టెలిఫోన్ డైరెక్టరీ, తొలినాటి కంప్యూటరు, తెలుగు పేరు

పేర్లను ఒక వరుసలో కూర్చి భద్రపరచుకోవడం నాగరికత నేర్పిన అలవాట్లలో ఒకటి. టెలిఫోన్ వచ్చిన పిదప ఆ అలవాటు డైరెక్టరీగా రూపొందినది. 1878లో అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణంలో వెలువడిన మొదటి డైరెక్టరీ ఒకే ఒక కాగితం. అందులో సుమారు 50 పేర్లుండేవి, నంబర్లు లేవు. పేరు చెప్పగానే ఆపరేటరు తీగ కలిపేవారు. 1880వ దశకపు ఆరంభంలో మన మద్రాసులోని ఎఱ్ఱబాలు చెట్టి వీధిలో కూడా ఎక్స్ఛేంజి వెలసినది. చందాదారులు పెరిగిన కొద్దీ ప్రతి పేరుకూ ఒక నంబరు, ఆ నంబర్లకు ఒక పుస్తకం అవసరమైనవి.

నూరేళ్ల తరువాత ఆ పుస్తకం బల్లమీద ఇమిడే యంత్రంలోనికి ప్రవేశించడానికి వీలు కలిగినది. 1984-85లో భారత ప్రభుత్వం 'క్లాస్' అను పథకం క్రింద దేశంలోని 250 పాఠశాలలలో కంప్యూటరు బోధనను ప్రారంభించినది. అందుకు ఎన్నుకున్న యంత్రం బి.బి.సి. మైక్రో. 1981లో ఇంగ్లండులోని ఏకార్న్ సంస్థ దానిని తయారు చేసినది. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. అందు వాడిన బేసిక్ భాష 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో పుట్టినది.

ఇటువంటి యంత్రంపై ప్రారంభ విద్యార్థి వ్రాయదగిన ప్రోగ్రాములలో టెలిఫోన్ డైరెక్టరీ ఒకటి. పేర్లకొక పట్టిక, నంబర్లకొక పట్టిక ఏర్పరచవలెను. వాడుకరి అడిగిన పేరును పట్టికలోని ఒక్కొక్క పేరుతో పోల్చి, సరిపోయినచోట దాని నంబరును తెరపై చూపవలెను. చూచుటకు సులభమే గాని, ఇందులో పాఠాలు ఎన్నో ఉన్నవి. మద్రాసు ఎస్.టి.డి. కోడు 044ను సంఖ్యగా దాచినచో యంత్రం ముందున్న సున్నను విడిచి 44గా చూపును. కనుక టెలిఫోన్ నంబరును లెక్కించే సంఖ్యగా గాక, అక్షరాల వలె దాచవలెను. కరెంటు పోయినచో జ్ఞాపకంలోనిదంతా తుడిచిపెట్టుకొని పోవును. కావున శ్రమించి ఎక్కించిన పేర్లను క్యాసెట్టు టేపుపైనో, ఫ్లాపీపైనో భద్రపరచవలెను.

నూరు పేర్లను మొదటినుండి వెదకినచో నూరుసార్లు పోల్చవలసి రావచ్చును. అవే పేర్లు అక్షరక్రమంలో ఉన్నచో, నిఘంటువును నడిమికి తెరచినట్లు సగం సగంగా వెదకి ఏడు పోలికలలో తేల్చవచ్చును. క్రమశిక్షణ విలువను ఇంతకంటె స్పష్టంగా చూపగల లెక్క అరుదు.

అయితే ఎవరి అక్షరక్రమం? ఆ యంత్రానికి ఇంగ్లీషు అక్షరాలే తెలియును. దాని వరుసలో భారతి తరువాత చంద్రం, కమల తరువాత ఉమ వచ్చును. మన వర్ణమాలలో అచ్చులు ముందు గనుక ఉమ తరువాతనే కమల. చంద్రం తరువాతనే భారతి. ఇంగ్లీషు లిపిలో త, ట రెండింటికీ ఒకే అక్షరం. న, ణ లకూ అంతే. రామారావు పేరును ఒకరు కలిపి వ్రాసి, మరొకరు విడదీసి అడిగినచో అట్టి పేరే లేదని యంత్రం బదులు చెప్పును. పేరు గలవాడు ఉన్నాడు, నంబరూ ఉన్నది. పలికేవాడు మాత్రం దొరకడు.

తెలుగు పదాలను వరుసలో పెట్టే విద్య మద్రాసుకు క్రొత్త కాదు. బ్రౌన్ దొరగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో ఈ నగరంలోనే అచ్చయినది. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం 1885లో వెలువడినది. అచ్చులో ఏనాడో సాధించిన వరుసను కంప్యూటరుకు నేర్పడానికి మరికొంత కాలం పట్టినది. 1991లో భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం స్థిరపడినది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకు చోటు దక్కినది. అందులో 'అ'కు 3077, 'ఉ'కు 3081, 'క'కు 3093, 'చ'కు 3098, 'భ'కు 3117 సంఖ్యలు. మన వర్ణమాల వరుసే సంఖ్యల వరుస అయినది.

నేడు చేతిలోని ఫోనులో తెలుగు పేరును తెలుగులోనే వ్రాసుకొనవచ్చును, వెదకవచ్చును. అయినను ఎందరో తమ ఫోనులలో బంధుమిత్రుల పేర్లను ఇంగ్లీషు అక్షరాలలోనే దాచుకొనుచున్నారు. యంత్రం కల్పించిన ఇబ్బంది తొలగినది. అలవాటు కల్పించినది మిగిలినది. తమిళనాట తెలుగు చదువుకొనే బాలబాలికలు తల్లి పేరును, తండ్రి పేరును, స్నేహితుల పేర్లను తెలుగు అక్షరాలలో ఎక్కించుకొన్ననాడు అదియు తొలగును.