సున్నపుకట్టు

హిందూపురం గూళ్ళ మార్కెట్టుకీ ధర్మవరం మగ్గాలకీ మధ్యలో, పెనుకొండ దగ్గర, మా పెదనాన్న పట్టుపురుగుల షెడ్డు. ఒక దసరా సెలవుల్లో ముసురు పట్టింది. నాలుగో జ్వరం లేచిన పురుగులు (మావైపు కుబుసం విడవడాన్ని జ్వరం అంటారు) సుద్దముక్కల్లా బిగుసుకుపోయాయి. "సున్నపుకట్టురా, అయిపాయ" అన్నాడు. తట్టలకు తట్టలు గుంతలో పూడ్చాం. ఆ అప్పు తీరడానికి రెండేళ్ళు పట్టింది.

సూక్ష్మజీవి వల్ల జంతువుకు రోగం వస్తుందని మొదట రుజువైంది ఈ రోగంతోనే. 1835లో ఇటలీలో అగోస్తీనో బస్సీ, ఆ తెల్లపొడి ఒక బూజు అని చూపించాడు. పాశ్చర్ పట్టుపురుగుల జోలికి వచ్చింది మరో ముప్పై ఏళ్ళకు.

మరి పురుగు ఊరికే చస్తుందా? దానికి యాంటీబాడీలు లేవు. పుట్టుకతో వచ్చిన కాపలాయే దిక్కు. 1996లో జపాన్‌లో మసాకి అషిదా బృందం, బాక్టీరియా గోడలోని పెప్టిడోగ్లైకాన్‌ను పట్టుకునే ప్రోటీన్‌ను పట్టుపురుగు నెత్తుట్లోంచి వేరుచేసింది. అదే ఏడాది స్ట్రాస్‌బర్గ్‌లో హాఫ్‌మన్ బృందం, టోల్ జన్యువు చెడిన ఈగలు బూజుకు తట్టుకోలేవని చూపింది. 2011 నోబెల్‌లో హాఫ్‌మన్‌కు వాటా దక్కింది. అషిదా పేరు ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఎత్తరు. పట్టు ఊళ్ళవాణ్ణి కాబట్టేమో, నాకది కొంచెం గుచ్చుకుంటుంది.

ఈగలో టోల్ బూజును నేరుగా తాకదు. నెత్తుట్లోని ప్రోటీన్లు పసిగట్టగానే ఎంజైములు ఒకదాన్నొకటి కత్తిరించుకుంటూ పోయి, చివరికి ష్పెట్స్‌లే అనే ప్రోటీన్‌ను కోస్తాయి. అది వెళ్ళి కణం పొర మీది టోల్‌కు అతుక్కుంటుంది. వెంటనే పొర లోపలున్న టోల్ తోక దగ్గరికి మైడీ88, దాని వెనక పెల్లే చేరతాయి. కాక్టస్ అనే తాళం విరుగుతుంది. అది పట్టి ఉంచిన ప్రోటీన్ కేంద్రకంలోకి దూరి, బూజును చంపే జన్యువులను లేపుతుంది. మన కణాల్లోనూ లోపలి వరుస ఇంచుమించు ఇదే. కాకపోతే మన టోల్ తరహా గ్రాహకాలు సూక్ష్మజీవి ముక్కలను తామే పట్టుకుంటాయి.

హిందూపురానికీ ఈ చరిత్రలో చోటుంది. పురుగు ఒళ్ళు పాలలా కారిపోయే వైరస్ రోగం ఇంకోటుంది. కణం లోపలే వైరస్ ఆర్‌ఎన్‌ఏను తుంచే సహజమైన ఏర్పాటును వాడుకుని, ఆ రోగాన్ని తట్టుకునే పురుగుల్ని హైదరాబాద్ సీడీఎఫ్‌డీలో జె. నాగరాజు బృందం తయారుచేసింది. కిరికెర పట్టు పరిశోధన సంస్థవాళ్ళూ అందులో ఉన్నారు. 2013లో ఆ పరిశోధన అచ్చయింది.

మొన్న ఇదంతా ఫోన్లో చెబితే పెదనాన్న అడిగాడు: "ఆ పొద్దు వాటికి తెలీకనే సచ్చినాయా, తెలిసేలోపల లేటాయనా?"

బూజు నోట్లోంచి రానక్కర్లేదు, తోలు తొలుచుకునే వస్తుంది. ముసురులో దాని జోరెక్కువ. లేటయ్యే ఉంటుంది పెదనాన్నా, అన్నాను.